కుంటి దొర

వీధిలో ఎండిన క్రిస్మస్ చెట్లను ఈడ్చుకెళ్తున్న చప్పుడుకే అత్తగారికి మెలకువ వచ్చింది. ఇవాళ జ్ఞానుల పండుగ, తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుని చూడవచ్చిన రోజు. దీంతో పండుగ రోజులు అయిపోయినట్టే. సాయంత్రానికల్లా అందరూ నక్షత్రాలు దింపి, యేసు పుట్టుకకు గుర్తుగా కట్టిన పశువుల పాకలు విప్పి, బొమ్మల్ని పెట్టెల్లో సర్దేస్తారు. ఆవిడకు మాత్రం మంచం దిగాలని కూడా లేదు.

ఈ ఇంట్లో ముగ్గురు జ్ఞానులు, ఆ రాజుల బొమ్మలు, తమ ఒంటెతో ఒక్కసారిగా పాక దగ్గరికి వచ్చెయ్యరు. అది ఆవిడ భర్త, పెద్దాయన పెట్టిన పద్ధతి. క్రిస్మస్ నాడు కిటికీ గట్టు మీద బయలుదేరి, రోజుకు కాస్త చొప్పున అలమారా మీదుగా, కుట్టుమిషను మీదుగా నడిచి, ఇవాల్టికి మూలనున్న పాక చేరాలి. "మనవాడి బస్సు కంటే ఈ రాజులే నయమే, చెప్పిన రోజుకి వచ్చేస్తారు" అని బస్సు నడిపే కొడుకుని ఆటపట్టిస్తూ ఆయనే జరిపేవాడు. ఈసారి వాళ్ళు మిషను మీదే ఆగిపోయారు. పాత సంవత్సరం వెళ్ళకముందే ఆయన నిద్రలో కన్నుమూశాడు.

అప్పటినుంచి ఆవిడ ఆ మిషను ముట్టుకోలేదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళను తర్వాత రమ్మంది. ఆయన చెయ్యి చివరిసారి పడిన చోటు అది.

ఎలాగో లేచి వచ్చిన ఆవిడ ముందుగది గుమ్మంలోనే ఆగింది. మిషను మీద జ్ఞానులు లేరు. పాక ముందు నిలబడి ఉన్నారు. పక్కన కోడలు.

"ఎవరు కదిపారు?"

"నేనే అత్తయ్యా. ఇవాళ చేర్చకపోతే ఎలాగని..."

"నిన్నెవరు చేర్చమన్నారు? అవి ఆయన చేత్తో పెట్టినవి! నీకు ఇల్లు సర్దేస్తే చాలు, మనిషి ఉన్నా పోయినా ఒకటేనా?"

కొడుకు యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఊరుకోవే..."

"నువ్వు మాట్లాడకు. వెనకేసుకొచ్చింది చాలు. అమ్మాయ్, ఎక్కడున్నవి అక్కడ పెట్టు. చేతనవుతుందా నీకు?"

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాజుల్ని ఒక్కొక్కరినే తెచ్చి మిషను మీద పెట్టింది. చివరికి కాలు విరిగిన ఒంటె మిగిలింది. దానికి పెద్దాయన పెట్టిన పేరు కుంటి దొర. ఎవరు నిలబెట్టబోయినా బోర్లా పడేది, ఆయనొక్కడికే లొంగేది. కోడలు దాన్ని కాస్త పక్కకు తిప్పి, విరిగిన కాలి కింద మడిచిన గుడ్డపీలిక దూర్చి, రాజు వీపుకు ఆనించి వదిలింది. కుంటి దొర నిలబడ్డాడు, అచ్చం ఆయన పెట్టినట్టే.

అత్తగారు ఒంటె దగ్గరికి వంగి చూసింది. "ఇది నీకెలా వచ్చిందే?"

"మామయ్య నేర్పారు." కోడలు తలెత్తలేదు. "ఈసారి మొదటి రోజు నుంచీ ఆయనకు ఓపిక లేదత్తయ్యా. ఆయాసం. మీరు స్నానానికి వెళ్ళగానే కుర్చీలోంచే చెప్పేవారు, నేను జరిపేదాన్ని. మీకు చెప్పొద్దన్నారు, పండుగంతా బెంగపెట్టుకుంటారని. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, 'రాజులు పాక చేరనీ అమ్మా, మర్నాడే వెళ్దాం' అన్నారు. నేను విన్నాను. వినకుండా ఉండాల్సింది."

కొంగు నోట్లో కుక్కుకుంది.

అత్తగారికి ముందు ఒళ్ళు మండిపోయింది. నాకెందుకు చెప్పలేదని ఆ పిల్లని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. అంతలోనే గుర్తొచ్చింది. ఆయన దిండ్లకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం తనూ చూసింది. ఏంటలా ఉన్నారని అడిగింది కూడా. ఏం లేదంటే నమ్మింది, నమ్మడమే సుఖమనిపించి. పక్కలో పడుకున్న తనకే పట్టలేదు, ఇక ఈ పిల్లనేం అనాలి?

"రా ఇలా" అంది. కోడలు వచ్చి కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. ఆ తల మీద చెయ్యి వేసి ఆవిడ కూడా ఏడ్చింది. ఆయన పోయిన రోజున కూడా అంత గట్టిగా ఏడవలేదు.

సాయంత్రం కొడుకు నక్షత్రం దింపేసరికి గుమ్మం చీకటైంది. ముగ్గురూ ప్రార్థన చేసుకున్నారు. పెట్టె మూత తెరిచే ముందు అత్తగారు ముగ్గురు రాజుల్ని తనే మోసుకెళ్ళి పాక ముందు నిలబెట్టింది. ఒంటె దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కుంటి దొరని నువ్వు తీసుకురా అమ్మా" అంది. "మీ మామయ్య చెయ్యి నీకే వచ్చింది."