ఫ్యాన్‌హౌస్ కాడ ఎడమకు

ఇది ఇప్పటిదాక నోరు తెరిచి ఎవ్వలకు చెప్పలే. నన్ను కన్న అవ్వ పోయినంక కూడ, నేను ఏది తెప్పించుకున్నా అడ్రసు కింద ఆమె ఫోన్ నంబరే రాస్తున్న.

పోయిన మనిషి ఫోను ఎత్తదు. నాకు తెలుసు. తెలిసే రాస్తున్న.

మాకు అడ్రసని పెద్దగ ఏం లేదు. మంచిర్యాల దాటినంక మూతపడ్డ బొగ్గుబాయి ఒకటుంది, దాని వెనుక మా వాడకట్టు. ఇండ్లకు నంబర్లు లేవు, గల్లీకి పేరు లేదు. ఉత్తరమైనా, పార్శిలైనా, సిలిండరైనా అందరం రాసేది ఒకటే మాట: ‘ఫ్యాన్‌హౌస్ కాడ ఎడమకు’.

ఆ ఫ్యాన్‌హౌస్‌కు మంచి పేరు లేదు.

బాయి నడిచిన కాలంల భూమి లోపలికి గాలి తోలే పెద్ద ఫ్యాను అందులుండేది. అది విప్పుకపోయిండ్రు. కప్పు లేని గోడలు మిగిలినయి, నడుమ గుండ్రటి చీకటి మిగిలింది. గొర్లు కాసెటోళ్లు సుత పొద్దుగూకక ముందే అక్కడి నుంచి మర్లుతరు. చీకటి పడ్డంక ఆడ ఒక ఆడమనిషి గొంతు వినబడతదంటరు. ఏడ్వదు, నవ్వదు… తొవ్వ చెప్తదంట.

ఆ గొంతు ఎవలిదో వాడకట్టుకంత ఎరికే. నా ముంగట అనరు, గంతే.

మా అవ్వ రాజక్క. కొత్త మనిషి ఎవలొచ్చినా ఫ్యాన్‌హౌస్ కాడ ఆగి ఫోను చేస్తే, బ్యాటరీ లైటు పట్టుకొని ఉరికేది. ఒక్క మా ఇంటికే కాదు, వాడకట్టు మొత్తానికి అడ్రసు కింద ఆమె నంబరే.

"పోస్టాఫీసోళ్లు జీతమిస్తున్నరానే నీకు?" అని బాపు ఎక్కిరించేటోడు.

"నువ్వు తిన్న బువ్వకు నువ్విచ్చినవా ఎన్నడన్న?" అని ఆమె నడుసుకుంటనే జవాబిచ్చేది.

ఒక వానకాలం అట్లనే ఎవలకో తొవ్వ చూపెట్టడానికి పోయింది. ఫ్యాన్‌హౌస్‌కు కుడిపక్క భూమి కుంగింది. ఎన్నడో బొగ్గు తీసి వదిలేసిన ఖాళీ కిందనే ఉండె మరి… అవ్వ దొరికింది. ఆమె ఫోను దొరకలే.

అప్పటిసంది అందరు అడ్రసుల కింద నంబరు మార్చుకున్నరు. నేను మార్చలే. మారిస్తే ఆమె ఇంకెక్కడా ఉండదనిపించింది.

వింతేందంటే — నా పార్శిళ్లు ఒక్కటి కూడ వాపస్ పోలే. కొత్తకొత్తోళ్లు తెచ్చేది, సక్కగ మా దర్వాజ ముంగట నిలబడేది. తొవ్వ ఎట్ల దొరికిందని నేను అడగలే. అడగబుద్ధి కాలే.

ఒకపారి మాత్రం స్టేషన్ రోడ్డుల మొబైల్ దుకానం పెట్టిన అల్తాఫ్ అన్నతోని మెల్లగ కదిపిన.

"రీచార్జి లేకుంటే ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తరు చెల్లె," అన్నడు. "ఏ ఆసిఫాబాదుల ముసలామెకో పోయుంటది. మీ పార్శిలోళ్లు ఫోన్లు చేసీ చేసీ, పాపం ఆమెకు మీ తొవ్వ నోటికొచ్చుంటది! ఫికర్ చెయ్యకు. ఒక్కపారి ఫోన్ చేసి సూడరాదు, తెలుస్తది కద?"

చేయలే.

కొత్త మనిషి ఎత్తితే, అవ్వ మళ్లొకసారి చచ్చిపోయినట్టు. కొత్త మనిషి కాకుంటే… అది అసలే తలుచుకోలే.

ఆ తరువాత కొన్నాళ్లకు ఖయ్యూం భాయ్ వచ్చిండు. నడివయసు మనిషి, మా దిక్కు పార్శిల్ తెచ్చుడు అదే మొదలు. డబ్బా నా చేతిల పెట్టిండు గని పోతలేడు. మంచినీళ్లడిగి తాగిండు. ఇంట్లకు తొంగిచూసి, గొంతు తగ్గించి అడిగిండు —

"ఆమె మీ నానమ్మనా బేటా?"

"ఎవలు భాయ్?"

"ఫోన్ల తొవ్వ చెప్పినామె. శాన మెత్తటి మాట. ‘ఎడమకు రా కొడుకా… కుడికి సూడకు. దర్వాజ జోరుగ కొట్టకు, ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పన్నడు’ అన్నది."

బాయి మూతపడి ఎన్నేండ్లో అయింది. బాపుకు ఇప్పుడు డ్యూటీ లేదు, దగ్గే ఉంది. అవ్వ మాత్రం బాయి మూతపడ్డంక కూడ వచ్చినోళ్లందరికి అదే మాట చెప్పేది. ఆసిఫాబాదు ముసలామెకు ఈ మాట ఎవలు చెప్పిండ్రు? పార్శిలోళ్లే చెప్పుంటరు… ఎవలో ఒకరు చెప్పుంటరు…

నాకు నేను ఇట్ల సర్దిచెప్పుకుంటుంటే, ఆయన బండెక్కి మళ్ల ఆగిండు.

"ఇంకొకటి పరేషాన్ చేస్తుంది బేటా. నా ఫోన్ల రింగు పోతుంటే… ఆ కూలిన గోడలల్ల కోడి కూసింది. చీకటి పడ్డంక కోడి కూసుడేంది? ఆడ ఎవలన్న కోళ్లు పెంచుతుండ్రా?"

"ఆ… పెంచుతుండ్రు," అన్న.

ఎవ్వలు పెంచుతలేరు.

బాపు మొదటి షిఫ్టుకు లేవాలని అవ్వ తన ఫోనుకు కోడికూత రింగు పెట్టుకుంది. అలారం కూడ అదే. ఎప్పుడు మోగినా వాడకట్టంత నవ్వేది — రాజక్క కోడి కూసిందే, లెవ్వుర్రి అని.

ఇగ ఇయ్యాల్టి సంగతి.

నాలుగొద్దుల సంది ముసురు. బాపుకు దగ్గు ముదిరి ఊపిరి ఆడుతలేదు, ఆవిరి పట్టుకునే మిషను తెప్పిస్తున్న. ఇయ్యాల వస్తదని మెసేజొచ్చింది. అడ్రసు కింద మళ్ల అవ్వ నంబరే.

పొద్దుగూకంగ ఏదో పెద్ద సంచి నేల మీద పడ్డట్టు చప్పుడైంది. ఉరికి చూస్తే — ఫ్యాన్‌హౌస్ నుంచి మా దిక్కొచ్చే ఎడమ తొవ్వ నడుమ లేదు. కుంగింది. గుంతల నల్లటి నీళ్లు తిరుగుతున్నయి.

బాపు గోడ పట్టుకొని నిలబడి, చెవి నేలదిక్కు వంచి విన్నడు. బాయిల పనిచేసిన మనిషి, నేల చప్పుడు ఆయనకు తెలుసు.

"ఇంక జారుతుంది. ఎవ్వలు అటు అడుగు పెట్టకుర్రి," అన్నడు.

మా దిక్కు తుమ్మకంప అడ్డమేసినం. అవతల దిక్కు పోయి వేసేటందుకు తొవ్వేది? చుట్టు తిరిగిపోయే బండ్ల బాట వాగు నీళ్లల్ల మునిగింది. అవతల కంప లేదు. లైటు లేదు.

బాపును ఇంట్లకు తీసుకపోయి పండబెట్టి, నేను వాకిట్ల నిలబడ్డ. తెచ్చేటోని నంబరు నా దగ్గర లేదు. వాని దగ్గరున్నది అవ్వ నంబరొక్కటే.

వానల దూరంగ బండి లైటు కనబడ్డది. ఫ్యాన్‌హౌస్ కాడ ఆగింది. ఫోను వెలుగుల ఒక ముఖం తేలింది — ఎవలో కొత్త మనిషి.

ఫోను చెవుకు పెట్టుకున్నడు.

ఆ గోడలల్ల… కోడి కూసింది.

నాకే అనిపించిందేమో అనుకున్న. గని ఇంట్ల నుంచి బాపు నిద్రగొంతు వినబడ్డది.

"అప్పుడే తెల్లారిందానే రాజక్కా…?"



కూత ఆగింది. ఎవలో ఎత్తిండ్రు. ఆ మనిషి తల ఊపుతుండు… ఊపుతుండు… ఫోను జేబుల పెట్టుకున్నడు. బండి లైటు మెల్లగ తిరిగింది.

ఎడమకు.

"ఆగూ… రాకు… ఆగూ!" అని ఒర్రిన. వాన నా గొంతును మింగింది. బండి చప్పుడు దగ్గరికొస్తనే ఉంది.

అవ్వకు తెల్వదు. ఆమెకు ఎరికైంది పాత తొవ్వ. ఇయ్యాల పొద్దుగూకంగ కుంగిన నేల సంగతి ఆమెకు ఎవలు చెప్పాలె? ఎవ్వలకు హాని కావద్దని ఎడమకు రమ్మంటనే ఉంటది… వాళ్లొస్తనే ఉంటరు.

వాన్ని ఆపాలంటే ఆ ఫోనున్న మనిషే ఆపాలె. వాని నంబరున్నది ఆ ఫోన్లనే.

నా ఫోన్ల ఆమె పేరు అట్లనే ఉంది. ‘అవ్వ’. తడి వేలును కొంగుకు తుడుసుకున్న. ఆసిఫాబాదామె ఎత్తనీ… ఎవలన్న ఎత్తనీ.

ఇగ చేసుడే అనుకున్న. ఎత్తంగనే చెప్పాల్సిన మాట నోట్ల పట్టుకొని, ఆ పేరు మీద వేలు పెట్టిన —

ఎడమకు వద్దవ్వా… ఆడనే ఆగుమను.