వాట్లీ దొర కాసిన గోలు

గోదారి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో, సాయంత్రమైతే దొరలు కొవ్వూరు ఇసకలో కాళ్లతో తన్నే బంతాట ఆడేవారు. రెండు కర్రల మధ్య నిలబడి గోలు కాసేది వాట్లీ దొర. వాళ్ల దేశంలో పెద్ద జట్టుకి ఏళ్ల తరబడి గోలు కాశాడట. జనం భుజాల మీద ఊరేగించారట. ఓ పోటీలో బంతి చేతుల్లోంచి జారింది. ఆ జనమే ఉమ్మేశారు, జట్టు ఇంకో కుర్రాణ్ణి పెట్టుకుంది. ఆ కడుపుమంటతో ఓడెక్కి వంతెన పనికొచ్చాడు. ఇక్కడ తన చోట ఇంకెవడైనా నిలబడితే బూటుతో తన్నేవాడు.

వరదల్లో పడవ బోల్తాపడి పోయాడు. దొర శవం నా మొగుడు పల్లంరాజు వలలోనే దొరికింది. శవం పడ్డ వలని మా వాళ్లు మళ్లీ ముట్టరు, ఏట్లో వదిలేస్తారు. దొరలు గోలు వెనక కట్టడానికి వల అడిగితే, పారేసేదేగా అని మా ఆయన దాన్నే కట్టాడు. వల విసిరే చేతులు బంతిని బాగా పడతాయని ఆయన్నే అక్కడ నిలబెట్టారు.

ఇక ఇల్లు మరిచాడు. ఆడదాని కోసం మరిస్తే తిట్టడానికో పేరుంటుంది. తోలు బంతినేమని తిట్టను?

"మీ ఆయన సందేళ ఇసకలో ఎవరితోనో నవ్వుకుంటున్నాడు, వీరవేణీ. ఎవరితోనో నాకేం తెలుసు," అంది చేపల రేవులో రత్తమ్మ.

"నీకు తెలియని మొగుడు ఈ రేవులో ఉన్నాడా," అన్నాను. తట్ట దించి బయల్దేరాను. అది దొరికితే దాని జుట్టు నా చేతిలో ఉండాలి.

పొద్దు కుంకింది. దొరలు వెళ్లిపోయారు. నానిన తోలు వాసన, బురద నీటి వాసన. కర్రల మధ్య మా ఆయన ఒక్కడే, మోకాళ్లు వంచి, చేతులు చాచి. ఆడది లేదు.

దబ్... మసక చీకట్లోంచి బంతి వచ్చి ఆయన గుండెకి తగిలింది. తిరిగి విసిరాడు. మళ్లీ... దబ్. తన్నేవాడు కనపడలేదు.

"ఎవరితోనయ్యా?"

"ష్... వాట్లీ దొర. ఒక్కటి వదిలితే నా చోటు తనదంట. నేను వదుల్తానా."

నవ్వుతున్నాడు. నా ముఖం చూసి ఏనాడూ అలా నవ్వలేదు. భయం కన్నా ముందు నాకు కుళ్లు పుట్టింది. చెయ్యి పట్టి గుంజాను.

"వద్దే వేణీ... వదులు..."

బంతి మా పక్కనుంచి పోయింది. వల ఉబ్బింది. పెద్ద చేప పడ్డట్టు కొట్టుకుంది... ఆగింది. నా చేతిలో ఆయన చెయ్యి చల్లబడింది.

"ఇంటికి పోదాం," అన్నాను. నా వెనకే వచ్చాడు.

మళ్లీ ఇసక వైపు పోలేదు. నాతో మాట్లాడనూ లేదు. "మొగుణ్ణి భలే కట్టేసుకున్నావే," అంటుంది రత్తమ్మ. అవును, కట్టేసుకున్నాను. దీపాలు పెట్టే వేళకి మా గుమ్మంలో అటో కర్ర, ఇటో కర్ర పాతి, మధ్యన ఆయన. కాస్త వంగి నిలబడతాడు. రెప్ప వెయ్యడు.

దొరని లోపలికి రానివ్వకుండా కాస్తున్నాడనుకున్నాను మొదట్లో. కానీ ఆయన ముఖం వీధి వైపు లేదు. నా వైపుంది. ఆ చూపు మా ఆయనది కాదు.

నిన్న కుండ పట్టుకుని నీళ్లకి లేచాను. ఎడమకి జరిగాను. ఎడమకి జరిగాడు.

కుడికి... కుడికి.