మెట్ల మలుపులో అడిగే ఆవిడ

ఆ నాలుగంతస్తుల భవనానికి లిఫ్టు లేదు. ఎవరైనా మెట్లెక్కాల్సిందే. రెండో అంతస్తు దాటి మూడో అంతస్తుకి తిరిగే చోట ఒక మలుపుంది. ఆ మలుపులో ఒక గది, గదికి తాళం, తాళానికి తుప్పు. అక్కడి బల్బు ఎన్నిసార్లు మార్చినా వారం తిరక్కుండా మాడిపోతుంది. చీకటి పడ్డాక ఆ మలుపు ఒంటరిగా దాటాలంటే, పగలు మీసం మెలేసే మగరాయుళ్లు కూడా ఎవరైనా తోడొస్తారేమోనని కిందే నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటారు.

ఎందుకంటే అక్కడ ఎవరో అడుగుతారు.

గట్టిగా కాదు. అరుపూ లేదు, ఏడుపూ లేదు. తలుపు అవతల నుంచి ఒక ఆడగొంతు, గుసగుసగా...

"మర్చిపోయావా...?"

అంతే. ఇంకో మాట ఉండదు.

ఆ ఒక్క మాటకే జనం హడలి చస్తారు. మనిషన్నాక ఏదో ఒకటి మర్చిపోకుండా ఉంటాడా? వాచ్‌మన్ విన్న రాత్రి గుండె చిక్కబట్టుకుని కిందికి పరిగెత్తితే, నీళ్ల మోటారు కట్టెయ్యలేదు, ట్యాంకు పొంగి పొర్లుతోంది. ఆవిడ దెయ్యం కాదు, ఇంటి ఓనరు కాపలాకి పెట్టిన మనిషని ఆయన అనుమానం. నాలుగో అంతస్తు డ్రైవరుకి ఆ మాట వినగానే భార్య పుట్టినరోజు గుర్తొచ్చింది. ఇంటికి వెళ్లాలా, దెయ్యం దగ్గరే ఉండిపోవాలా అని కాసేపు ఆలోచించానని ఆయనే చెబుతాడు. రెండో అంతస్తు టైలరుకి మాత్రం ఏం గుర్తొచ్చిందో ఎవరికీ తెలీదు. మర్నాడు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

ఇక నేను విన్న కథ మూడో అంతస్తులో ఉండే వడ్రంగిది. విన్నది విన్నట్టే చెబుతాను, నమ్మడం మానడం మీ ఇష్టం.

ఆయన చేసేవి తలుపులు. ఆయన బిగించిన తలుపు వేస్తే గాలి కూడా బయటే ఆగిపోతుందని పేరు. అలాంటి మనిషికి కొడుకు పుట్టాడు. ఏడో నెలలోనే, ఎవరో తరుముతున్నట్టు తొందరపడి పుట్టాడు. ఆస్పత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ముక్కుకి గొట్టం, ఒంటికి తీగలు, పక్కన రాత్రీ పగలూ కూత పెట్టే మిషను. "పిడికెడంత లేడు, పొగరు చూడు" అంది వార్డు సిస్టరు, వాడు గొట్టం పీకేసుకుంటుంటే. ఆ రోజు నుంచి వాడి పేరు పిడికెడు అయిపోయింది.

తల్లి రోజూ పెట్టె పక్కనే కూర్చునేది. వడ్రంగి మాత్రం గుమ్మం దగ్గరే నిలబడేవాడు.

"రండి, ముట్టుకోండి. మీ బిడ్డే" అనేది సిస్టరు.

"ఈ చేతులు దుంగలు తిప్పే చేతులు సిస్టర్. వద్దులెండి."

పంపించే రోజున ఆ సిస్టరే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇంత ముందుగా పుట్టినవాళ్లకి నిద్రలో ఒక్కోసారి ఊపిరి తియ్యాలని గుర్తుండదు. వీడికి ఆ గండం గడిచినట్టే. అయినా ఒక కన్నేసి ఉంచండి. ఆగాడనిపిస్తే అరికాలి మీద వేలితో ఇలా మీటండి. మీటి, వెంటనే ఇక్కడికి తీసుకొచ్చెయ్యండి. గోళ్లు ఇద్దరూ మొదలంటా కత్తిరించుకోండి, వాడి చర్మం ఉల్లిపొర."

వాళ్లు ఇల్లు చేరేసరికి చీకటి పడింది. వడ్రంగి ముందు సంచులతో, వెనక ఆమె పొత్తిళ్లలో పిడికెడుతో. మలుపు దగ్గరికి రాగానే...

టప్... టప్... టప్...

మెత్తటి చప్పుడు. తలుపు అవతల నుంచే.

ఆమె అతని చొక్కా పట్టుకుంది. "ఏవండీ... ఏంటది?"

"పాత చెక్క. చలికి బిగుసుకుంటోంది. నడు" అన్నాడు.

అన్నాడే గానీ, చెక్క చప్పుడేదో కానిదేదో అతనికి తెలీదా? అది చెక్క కాదు. తాళానికి పట్టిన తుప్పు కూడా అతను చూశాడు. ఆ తలుపు తెరిచి ఏళ్లయింది. అడుగు వేగం పెంచాడు.

ఇంట్లో ఏ కూతా లేదు. ఆస్పత్రిలో చిరాకు పుట్టించిన ఆ మిషను చప్పుడు లేకపోయేసరికి ఇద్దరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. బొమ్మకి తొడగాల్సినంత చొక్కా వాడికి వదులైంది. పాలు చెంచాతో చుక్క చుక్కగా పట్టాలి. పట్టిన దాంట్లో సగం మెడ మీదకి పోతుంది. ఆమె నిద్రపోదు, అతన్ని పోనివ్వదు.

"ఊపిరి తీస్తున్నాడా? చూడండి."

"ఇప్పుడేగా చూశాను."

"ఇప్పుడు చూడండి."

ఆ రాత్రి చీకట్లో ఇద్దరూ ఒకేసారి ఉయ్యాల మీదకి వంగి తలలు ఢీకొట్టుకున్నారు. ఇద్దరికీ బొప్పి కట్టింది. పిడికెడు మాత్రం హాయిగా నిద్రపోయాడు. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది.

ఆ నవ్వు ఇంకా పూర్తి కాలేదు... కింద మలుపులోంచి వినపడింది.

"మర్చిపోయావా...?"

మర్నాటి రాత్రి ఆ గొంతు మలుపులో లేదు. మెట్లెక్కుతోంది. ఆ పై రాత్రి వాళ్ల గుమ్మం అవతలే నిలబడి అడిగింది. ఎన్నేళ్ల నుంచో ఆ గది దాటి రాని గొంతు...

ఆమె బిడ్డని గుండెకి హత్తుకుని గోడకి ఆనుకుపోయింది. "వీడి కోసమే వస్తోందండీ. ఇన్నాళ్లూ లేనిది, వీడొచ్చాకే కదా పైకెక్కుతోంది! నా బిడ్డని తీసుకుపోతుంది."

వడ్రంగికి దెయ్యాలతో వేగడం రాదు. తలుపులతో వేగడం వచ్చు. పొద్దున్నే పనిముట్లు తీశాడు. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ కొట్టాడు. కింద సందులో స్పాంజి కుక్కాడు, కిటికీ సందులకి మైనం పూశాడు. పైన ఒకటి, కింద ఒకటి కొత్త గడియలు బిగించాడు. సాయంత్రానికి మెట్ల మీద పిల్లలు అరిచినా లోపలికి వినపడటం మానేసింది.

"ఇక చీమ కూడా దూరదు. నువ్వు పడుకో. వాణ్ని నాకియ్యి" అన్నాడు.

ఆమె నమ్మలేనట్టు చూసింది. అప్పటిదాకా వాణ్ని అతను ఎత్తుకున్నదే లేదు.

ఆ రాత్రి చొక్కా విప్పి, గోడకి చేర్చి వేసిన కుర్చీలో కూర్చుని, సిస్టరు నేర్పినట్టే వాణ్ని గుండె మీద బోర్లా పడుకోబెట్టుకుని దుప్పటి కప్పుకున్నాడు. ఎంత తేలిగ్గా ఉన్నాడంటే, ఉన్నాడో లేడో చేత్తో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. సన్నటి గరుకు కాగితంతో చెక్కని రుద్దుతున్నట్టు వాడి ఊపిరి... సర్... సర్... వడ్రంగికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ చేతుల్ని చూసుకుని ఎందుకు భయపడ్డానురా అనుకున్నాడు. వీడికేమన్నా అయితే నేను బతకను అని కూడా అనుకున్నాడు.

ఆమె మంచం మీద ఒళ్లు తెలీకుండా నిద్రపోతోంది. బయటి చప్పుడు ఒక్కటి లేదు.

సర్... సర్...

కళ్లు మూతలు పడుతున్నాయి. తొడ గిల్లుకున్నాడు. మళ్లీ మూతలు పడ్డాయి. ఒక్క క్షణం... ఒక్క క్షణమే కదా...

"మర్చిపోయావా...?"

ఉలిక్కిపడి లేచాడు. గొంతు బయట లేదు.

గదిలో ఉంది.

తలుపు వైపు చూశాడు. రెండు గడియలూ వేసే ఉన్నాయి. రబ్బరు కదల్లేదు, స్పాంజి కుక్కినది కుక్కినట్టే ఉంది. ఏం మర్చిపోయాను? గ్యాసు కట్టేశాను. వంటింటి కిటికీ... మైనం పెట్టాను. పాల చెంచా వేన్నీళ్లలో మరిగించాను. ఏంటి? ఏం మర్చిపోయాను?

"మర్చిపోయావా...?"

ఈసారి ఇంకా దగ్గర. ఈసారి తొందరగా, గాభరాగా.

చెవి దగ్గర కాదు ఆ గొంతు. కిందగా ఉంది. అతని గుండెకి కిందగా... దుప్పటిలోంచి బయటికొచ్చిన వాడి చిట్టి పాదం దగ్గర.

టప్... టప్... టప్...

అప్పుడు తెలిసింది వడ్రంగికి. ఆవిడ అడుగుతున్నది తనని కాదు.

సర్ సర్ మనే చప్పుడు లేదు.

దుప్పటి లాగి పారేశాడు. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. "ఒరేయ్ నాన్నా... ఒరేయ్!" అరికాలు పట్టుకుని మీటాడు. కదల్లేదు. మళ్లీ మీటాడు. వీపు రుద్దాడు, మళ్లీ మీటాడు. "తియ్యరా... నా తండ్రీ, ఒక్కటి తియ్యరా..."

వాడి ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. ఎక్కిలిలా చిన్న ఊపిరి లోపలికి లాక్కున్నాడు. ఆ వెంటనే ఏడ్చాడు. అంత చిన్న ఏడుపుకి ఆమె మంచం మీంచి దూకి వచ్చింది.

ఆస్పత్రికి పరుగెత్తడానికి తలుపు తియ్యబోతే, తను కొట్టిన రబ్బరు పట్టుకుని రాలేదు. తన్ని తీశాడు. మెట్ల మలుపు చీకట్లో నోరు తెరుచుకున్నట్టుంది. ఆ రాత్రి దాన్ని ఎలా దాటారో ఇద్దరికీ గుర్తులేదు.

డాక్టరు చూసి, కొన్నాళ్లు ఇక్కడే ఉంచుతామన్నాడు. సిస్టరు వడ్రంగి భుజం తట్టింది. "సరిగ్గా సమయానికి లేచారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేం."

"నేను లేవలేదు సిస్టర్" అన్నాడు. ఆమెకి అర్థం కాలేదు.

తెల్లవారాక తల్లి వాడి పాదం చూసి భర్తని పిలిచింది. "ఏవండీ... ఇదేంటి?"

అరికాలి మధ్యలో ఎర్రగా గోటి గాటు.

అతను తన వేళ్లు చూసుకున్నాడు. ఆమె తన వేళ్లు చూసుకుంది. ఇద్దరి గోళ్లూ మొదలంటా కత్తిరించే ఉన్నాయి.

వాణ్ని మళ్లీ ఇంటికి తెచ్చిన రోజున కింది వాటా మామ్మగారు పలకరించింది. ఆ భవనం కట్టినప్పటి నుంచి ఉన్న మనిషి ఆవిడ. జరిగిందంతా విని, చేతికర్ర పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ మలుపు గదిలో ఒక పిల్ల ఉండేది అబ్బాయ్. మొగుడు ఓడ మీద పనికని వెళ్లి మళ్లీ రాలేదు. దానికీ ఇలాగే నెలలు నిండకుండా బిడ్డ పుట్టింది. అప్పట్లో ఈ పెట్టెలూ మిషన్లూ మనలాంటి వాళ్లకెక్కడివి? గదిలో గాలాడదని బిడ్డని ఒళ్లో వేసుకుని మెట్ల మీద కూర్చునేది. రాత్రంతా అరికాలు మీటడం, 'మర్చిపోయావా, మర్చిపోయావా' అని అడగడం. పిచ్చిదని నవ్వేవాళ్లం. నేను కూడా నవ్వాను."

"తర్వాత ఏమైంది మామ్మగారూ?"

"ఎన్నాళ్లని మేలుకుంటుంది మనిషి? ఒక తెల్లవారుజామున కునుకు పట్టింది." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "ఆ తర్వాత ఇక పడుకోలేదు. తిండి మానేసింది, ఆ గదిలోనే పోయింది. పోయినా పడుకోలేదు."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరు అడిగారు? విన్నవాళ్లంతా పరిగెత్తినవాళ్లేగా!"

ఆ సాయంత్రమే వడ్రంగి తలుపుకి కొట్టిన రబ్బరంతా పీకేశాడు. సందులో స్పాంజి తీసేశాడు. భార్య వద్దనలేదు. నిద్రకి ముందు ఆమే వెళ్లి కిటికీ మైనం గీకేసి వచ్చింది.

పిడికెడు ఒళ్లు చేశాడు. పాలు తాగి గుర్రుపెట్టడం నేర్చుకున్నాడు. ఇప్పుడు వాణ్ని ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. పేరు మార్చాలని చుట్టుపక్కలవాళ్లు వేళాకోళం చేస్తున్నారు. గొంతు మళ్లీ పైకి రాలేదు. మలుపులో మాత్రం అప్పుడప్పుడూ వినపడుతూనే ఉంది, జనం పరిగెడుతూనే ఉన్నారు.

ఒక రాత్రి వడ్రంగి పని ముగించుకుని వస్తున్నాడు. మలుపు దగ్గర...

"మర్చిపోయావా...?"

అతను పరిగెత్తలేదు. పనిముట్ల సంచి దించి, ఆ తలుపు ముందు మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లుగా చెప్పాలనుకున్న మాట ఇప్పుడు చెప్పాడు.

"లేదమ్మా... మావాడు మర్చిపోలేదు. బాగా తీస్తున్నాడు. ఇక నువ్వు పడుకో."

తలుపు అవతల నిశ్శబ్దం. మాట చెవిన పడిందనుకున్నాడు. సంచి భుజాన వేసుకుని లేచి, ఒక మెట్టు ఎక్కాడు.

టప్... టప్... టప్...

"మర్చిపోయావా...?"

అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు అడుగుతున్నది తన కొడుకుని కాదు. తననీ కాదు.

టప్... టప్...

తుప్పు పట్టిన తాళం కదల్లేదు. తలుపూ కదల్లేదు. ఆ తలుపు అవతల, ఎక్కిలిలా, చాలా చిన్నగా... ఎవరో ఊపిరి లోపలికి తీసుకున్నారు.