గొడుగు ఊచ కొక్కెం

"బాబూ, నన్ను ఉరి తీసేత్తారట!"

శ్రీకాకుళంలో ప్రైవేట్ డిటెక్టివ్ జగన్నాధం గది గుమ్మంలోనే కూలబడి దేముడమ్మ అన్న మొదటి మాట అది. కళింగపట్నంలో కృపానిధిగారింట ఆమె వంటమనిషి. రేవు ఉద్యోగం నుంచి విరమించిన ఆ పెద్దమనిషి, చిన్న ఓడల నమూనాలకు తాళ్ళు కడుతూ కడుతూ బల్ల మీదే ప్రాణం విడిచాడు. గన్నేరు విషమని డాక్టరు తేల్చాడు. ఆయన చివరిగా తాగింది దేముడమ్మ ఇచ్చిన కాఫీ. పెదవి మూల గోధుమరంగు మరక కనిపించగానే పోలీసులకు ఇక వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది; అరెస్టు ఒక్కటే మిగిలింది.

"కాఫీలో ఏం కలిపావు?" జగన్నాధం కటువుగా అడిగాడు.

"పంచదార, బాబూ. గలాసులో మిగిలింది నానే తాగినాను. ఇసముంటే నాను సావనా? ఇనస్పెట్రు ఇన్లేదు. ఆ మరక తడిగుడ్డెట్టి తుడిసినాను, పోలేదు. కాఫీ మరకైతే పోదేటి?"

జగన్నాధం కళ్ళు మెరిశాయి. అతని సహాయకురాలు పద్మకుమారికి ఆ మెరుపు బాగా తెలుసు. ఆమె అప్పుడే సంచీ సర్దడం మొదలుపెట్టింది.

కళింగపట్నంలో వారికి మంచినీళ్ళు ఇచ్చేవారు కూడా లేకపోయారు. మృతుని చెల్లెలు, నర్సు జ్ఞానసుందరి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"హంతకురాలిని వెనకేసుకొచ్చే మనుషులకు ఈ ఇంట్లో చోటు లేదు."

"హంతకులు లోపలే ఉంటే, నన్ను బయట నిలబెట్టి లాభమేమిటమ్మా?"

కృపానిధి తమ్ముడి కొడుకు సత్యం నవ్వాడు. అతడు వకీలు గుమస్తా. వేళ్ళకు ఎర్రసిరా, నల్లసిరా మరకలు. "పెదనాన్న గదిలో నేను కాలు పెట్టి ఏళ్ళయింది. మా మధ్య మాటల్లేవు. ఇల్లు క్రైస్తవ మిషనుకు రాసిచ్చేస్తానన్నాడు, రాయనీ అనుకున్నాను. ఆయన పనిముట్లలో ఏది దేనికో కూడా నాకు తెలియదు."

ఇన్‌స్పెక్టరు అనుమతితో దేముడమ్మను వెంటబెట్టుకుని జగన్నాధం ఆ గదిలోకి వెళ్ళాడు. పనిముట్లన్నీ కృపానిధి స్వయంగా చేసుకున్నవే. గొడుగు ఊచ వంచి చేసిన కొక్కెం, సైకిల్ చువ్వ అరగదీసిన సూది, ముళ్ళపంది ముల్లు. అన్నింటికీ వెదురు పిడులు, వాటి మీద వత్తుగా చుట్టిన గోధుమరంగు దారం. బెస్తలు వలలకు పట్టించే తుమ్మచెక్క కషాయంలోనే ఆయన తన దారాలన్నీ ఉడికించేవాడు.

"రెండు సేతుల్తో ముడేసేటప్పుడు పనిముట్టు పిడి పళ్ళమజ్జ ఎట్టుకునీవోరు," అంది దేముడమ్మ. "ఎన్నిపాలు సెప్పినా మానీవోరు కాదు."

జగన్నాధం ఆ పనిముట్లను పట్టుకుపోయి పరీక్షించాడు. మర్నాడు ఇన్‌స్పెక్టరు ఎదుట అందరినీ అదే గదిలో కూర్చోబెట్టాడు. సగం తాళ్ళు కట్టిన ఓడ బల్ల మీద ఉంది.

"ఆయన ఎలా పనిచేసేవారో చూడాలి. ఈ కొక్కెం ఒక్కొక్కరూ పళ్ళ మధ్య పెట్టుకోండి."

దేముడమ్మ చప్పున అందుకుని పెట్టుకుంది. జ్ఞానసుందరి అసహ్యంగా రుమాలుతో తుడిచి, తానూ పెట్టుకుంది. సత్యం ముఖం తిప్పుకున్నాడు.

"ఒకరి ఎంగిలి నాకు పనికిరాదు."

"అయితే ఈ సూది తీసుకోండి."

సత్యం తుడవకుండానే దానిని పళ్ళ మధ్య బిగించాడు.

"అదీ మీ పెదనాన్న ఎంగిలే!" జగన్నాధం గొంతు కొరడాలా మోగింది. "మీరు భయపడింది ఎంగిలికి కాదు, ఆ ఒక్క కొక్కేనికి. అక్కరలేని భయం. దానికిప్పుడున్న వెదురు పిడి రాత్రి పద్మకుమారి వేసింది. మీరు వేసిన పిడి ఇదిగో."

ఇన్‌స్పెక్టరు ఒక పొట్లం విప్పాడు. జగన్నాధం అందులోని పిడి మీది దారం విప్పి, నీళ్ళు పోసిన తెల్లపళ్ళెంలో వేశాడు. అడుగున వెదురు లేదు. చెక్కిన గన్నేరు కొమ్మ ఉంది. దారం నుంచి గోధుమరంగు పొగలా జారి, ఎరుపుగా, నలుపుగా విడిపోయింది.

"తుమ్మచెక్క రంగు సముద్రంలో కూడా వదలదు. ఇది సిరా. తెల్లదారానికి రెండు సిరాలు కలిపి పట్టించారు. పిడిని పళ్ళతో బిగించినప్పుడు గన్నేరు విషం ఆయన నోట్లోకి దిగింది, ఆ రంగే ఆయన పెదవికి అంటింది. ఈ ఊరి మనిషై ఉండి, వల దారం రంగు నీళ్ళలో వెలవదన్న సంగతి మరిచారు. ఇల్లు చేజారకూడదని పెదనాన్నను చంపారు. అంతకంటే నీచం, ఆ నేరానికి ఒక దిక్కులేని మనిషి మెడ చూపించారు."

"ఓడలకు దండం పెట్టేవాడు! నన్నెప్పుడైనా మనిషిగా చూశాడా?" సత్యం అరిచాడు. సంకెళ్ళు పడ్డాయి.

జ్ఞానసుందరి కొంగు సర్దుకుని దేముడమ్మ వైపు తిరిగింది.

"జరిగిందేదో జరిగింది. దేముడమ్మా, అందరికీ కాఫీ పెట్టు."

దేముడమ్మ వంటింటి తాళంచెవి కొంగు ముడి విప్పి, ఓడ పక్కన పెట్టింది.

"నా సేతి కాఫీ ఇసమన్నది మీరే కదమ్మా. మీరే ఎట్టుకోండి."

ఆమె వెనుదిరిగి చూడలేదు. జగన్నాధం లేచి, ఆమెకు దారి ఇచ్చాడు.