వదిన తెచ్చిన కెమెరా

పెట్టె విప్పి లోపలి వస్తువు బయటకు తీయగానే పెనీనా గుండె జారిపోయింది. తను అడిగింది అది కాదు!

"చూశావా, ఎంత బరువుందో!" అంటూ ఆడపడుచు లోసా కెమెరాను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. దాని ముందు మూరెడు పొడుగు లెన్సు! "ఆపియా పట్నంలో కొట్లన్నీ తిరిగాననుకో. నువ్వు చెప్పిన చిన్నది నా అరచేతిలో ఇమిడిపోయింది. అది పట్టుకుని చర్చికి వెళ్తే సబ్బుపెట్టె తెచ్చుకున్నారనుకుంటారు!"

"మరి... దాని మీద పెట్టుకునే ఫ్లాష్ వదినా?"

"ఫ్లాషెందుకే పిచ్చిమొహమా? మన ఊళ్లో ఎండకేం కరువు?"

పెనీనా నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆ కెమెరా డబ్బుల కోసం ఆమె ఎన్ని నెలలు అమ్మకానికి చాప అల్లింది! కాగితంలా పల్చని ఆకుపీలికలను ఒకదానిలో ఒకటి దూరుస్తూ, ఇంటిపని అయ్యాక, అత్తగారికి అన్నం తినిపించాక, పిల్లలు పడుకున్నాక... కళ్లు మంటలెక్కేదాకా అల్లింది. అత్తగారు మసీనాకు పక్షవాతం వచ్చి మంచాన పడినప్పటి నుంచీ ఒకటే కోరిక. "మనవలందరితో ఒక్క ఫొటో తీయవే అమ్మాయ్... నేను పోయాక నీ చిన్నకూతురు లాంగికి నా మొహం గుర్తుండొద్దూ!" అంటుంది వంకరపోయిన నోటితో. ఫోనుతో ఎన్నిసార్లు తీసినా నీడే వచ్చింది. ఊళ్లో అన్ని ఇళ్లలాగే ఆ ఇంటికీ స్తంభాలే తప్ప గోడలు లేవు గానీ కప్పు కిందికి దిగి ఉంటుంది. లోపల చీకటి, వెనక ఎండకు భగభగమనే సముద్రం. అందుకే ఎదురుగా వెలుగు పడేయాలని, ఇంట్లో దగ్గర నుంచే అందరినీ పట్టే పొట్టి లెన్సు కావాలని, కొట్లో అద్దానికి ముక్కు ఆనించి మరీ చూసుకుని ఎంచుకుంది. ఇప్పుడేమో ఇది!

పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్న భర్త ఫేటూ దగ్గరకు వెళ్లింది. "మీరైనా ఒక్క మాట చెప్పకూడదా? మార్చుకుని రమ్మని..."

ఫేటూ చేతిలో కాయ ఆగిపోయింది. "అక్కతోనా? నేనా?"

"ఇంకెవరు చెప్తారండీ?"

"పెనీనా, ఈ ఊళ్లో అక్క మాటకు ఎదురు చెప్పిన తమ్ముడిని ఒక్కణ్ణి చూపించు. అక్క అడిగితే నా పొలమైనా ఇవ్వాలి. కెమెరా మార్చమని ఏ మొహంతో అడగను?" అతని గొంతులో కోపం లేదు, బెంగే ఉంది. పెనీనాకు తెలియనిదా? తన తమ్ముళ్లూ తన ముందు అలాగే తలవంచుకుంటారు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పిల్లల ఆదివారం రానే వచ్చింది. ఏడాదిలో ఆ ఒక్క రోజు పిల్లలు ముందు తింటారు, పెద్దవాళ్లు వడ్డిస్తారు. ఊరంతా తెల్లబట్టలే! చర్చిలో చిన్న కూతురు లాంగి తడబడకుండా పద్యం చెప్పింది. ఆ సంతోషాన్ని నిలబడి అనుభవించే ఓపిక కూడా పెనీనాకు లేకపోయింది. ఇంటికి పరుగెత్తి కాలిన రాళ్ల పొయ్యి మీద కప్పిన ఆకులు తీసింది, పొగలు కక్కే చేమదుంపలూ కొబ్బరిపాలలో ఉడికిన ఆకు పొట్లాలూ పిల్లల ముందు పెట్టింది, అత్తగారి మూతి తుడిచింది. నడుము నొప్పితో విరిగిపోతోంది.

"ఇప్పుడు ఫొటో!" అంది లోసా. తెల్లని కొత్త బట్టల్లో మంచం మధ్యన తల్లిని ఆనుకుని రాణిలా కూర్చుంది. ఫేటూ, పిల్లలు చుట్టూ చేరారు. ఆ పొడుగు లెన్సులో అత్తగారి ముక్కు తప్ప ఏమీ పట్టడం లేదు. పెనీనా వెనక్కి నడిచింది... నడిచింది... ఇల్లు దాటి, గులకరాళ్లు దాటి, పనసచెట్టు దగ్గరికి చేరితే గానీ అందరూ పట్టలేదు.

"ఏమే, పక్క ఊరికి పోయి తీస్తావా?" అని లోసా అరిచింది. పిల్లలు కిలకిల నవ్వారు.

తీసింది. తెర మీద చూసుకుని పెనీనా నిట్టూర్చింది. తెల్లబట్టలు వెలిగిపోతున్నాయి. వాటి పైన మొహాలు లేవు, నల్లని మచ్చలున్నాయి! మళ్లీ తీసింది. మళ్లీ అదే.

లాంగి పరుగెత్తుకొచ్చి తొంగిచూసింది. "అత్తా! నానమ్మ బొగ్గులా ఉంది!"

లోసా గబగబా వచ్చి కెమెరా లాక్కుంది. "తీయడం చేతకాక..." అంటూ చూసి, ఆ మాట మింగేసింది. "అమ్మ మొహమేదీ? పెనీనా... అమ్మ మొహమేదీ!"

మంచం మీద నుంచి మసీనా గొణిగింది. "పోనీలేవే. చచ్చాక తీద్దురుగానీ. అప్పుడైతే కదలను."

అది హాస్యమే. కానీ ఎవరూ నవ్వలేదు. లోసా గులకరాళ్ల మీద కూలబడి కొత్తబట్టలతోనే ఏడ్చేసింది. "లైటు కావాలంది... నేనే వద్దన్నాను. నలుగురూ చూడాలని పెద్దది తెచ్చాను. నా గొప్ప చూసుకున్నాను గానీ అమ్మ మొహం చూసుకోలేదే!"

పెనీనాకు కోపం రాలేదు. కోపానికి కూడా శక్తి కావాలి కదా! ఆమె వదిన మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. ఒళ్లో పరుచుకున్న తెల్లబట్ట మీద ఎండ పడి, ఆ వెలుగు పైకి లేచి, లోసా గడ్డం కింద, తడిసిన చెంపల మీద మెత్తగా ఆడుతోంది...

పెనీనా ఇంటి వెనక్కి వెళ్లి రెండు తెల్ల దుప్పట్లు తెచ్చింది.

"ఇవి తడిగా ఉన్నాయేం?" అని అడిగింది లోసా. "ఆదివారం పని కూడదని తెలిసీ ఉతికావా! పాస్టరు గారి కంట పడితే?"

"అందుకే వెనకాల ఆరేశాను. తెల్లవారేసరికి అత్తయ్య పక్క తడిసిపోయింది వదినా. తడిలో ఎలా పడుకోబెట్టను?"

"రోజూ ఇంతేనా?"

పెనీనా ఒక దుప్పటి మడత విప్పి దులిపింది. "ఎవరైనా వీటిని మంచం ఎదురుగా, ఎండలో, వాలుగా పట్టుకోవాలి. ఫొటోలో పడకుండా కింద కూర్చోవాలి. అప్పుడు అత్తయ్య మొహం మీద వెలుగు పడుతుంది."

"నేను పట్టుకుంటా," అంటూ ఫేటూ లేచాడు.

"నువ్వుండు తమ్ముడూ!" లోసా దుప్పట్లు లాక్కుంది. ఊరు ఊరంతా చాప వేసి కూర్చోబెట్టే లోసా గులకరాళ్ల మీద మోకాళ్లూని, రెండు చేతులూ చాచింది. మసీనా మొహం ఒక్కసారిగా వెలిగింది. ముడతలన్నీ, వంకర నవ్వుతో సహా!

పెనీనా పనసచెట్టు వైపు తిరిగింది.

"నువ్వెక్కడికే?" అంది లోసా. "ఈ ఇంట్లో తీసిన ఏ ఫొటోలోనైనా నీ మొహం ఉందా? తమ్ముడు నొక్కుతాడు. నువ్వెళ్లి అమ్మ పక్కన కూర్చో."

"వద్దు వదినా... చెమట, మసి..."

"రావే అమ్మాయ్," అని మసీనా బాగున్న చేయి చాచింది.

పెనీనా మంచం అంచున కూర్చుంది. ఎంతకాలమైందో ఇలా ఊరికే కూర్చుని! అత్తగారి భుజం వెచ్చగా ఉంది. దూరంగా ఫేటూ లెన్సుతో కుస్తీ పడుతూ, "ఒక్క నిమిషం... ఇంకొక్క నిమిషం..." అంటున్నాడు. ఆ మాట ఎక్కడి నుంచో వినబడుతున్నట్టుంది... తల మెల్లగా వాలిపోయింది.

కెమెరా టప్పుమంది.

"అయ్యో, అమ్మ కళ్లు మూసుకుంది!" అంది లాంగి. "నాన్నా, మళ్లీ తీయి! అమ్మా, లే!"

"ష్!" అంది మసీనా. కోడలి తలను భుజానికి మరింత దగ్గరగా పొదువుకుంది. "అలాగే ఉండనీ. పడుకోనీయండర్రా దాన్ని."

ఎవరూ కదల్లేదు. చేతులు వణుకుతున్నా, మోకాళ్లలో రాళ్లు గుచ్చుకుంటున్నా, ఆ దుప్పట్లను లోసా కిందికి దించలేదు.