రెండో అధ్యాయం

తెనాలిలో ఆ రోజుల్లో పొద్దున్న ఎనిమిదికి కరెంటు పోయేది. అందుకే విజయసారథి ఆరింటికల్లా స్నానం, సంధ్యావందనం ముగించి, తిరునామం ఆరకముందే కంప్యూటరు ముందు కూర్చునేవాడు. పక్కన కోడలు మైథిలి పెట్టిన కాఫీ గ్లాసు, ఒళ్లో నల్ల అట్ట బైబిలు.

రోజుకో అధ్యాయం చదివి, తనకు తట్టిన నాలుగు మాటలు టైపు చేసి ఇంటర్నెట్టులో తన పేజీకి ఎక్కించేవాడు. రెండేళ్లుగా అదే పని. ఆ పేజీ మీద తన పేరు లేదు. చదివినవాళ్లు ఏమైనా రాయడానికి ఉండే చోటును మొదటి రోజే మూయించేశాడు. ఈ పేజీ సంగతి ఆయనకు టైపు నేర్పిన మైథిలికి తప్ప ఎవరికీ తెలియదు. బాపట్ల కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరైన ఆయన, అంత పెద్ద ఇంటర్నెట్టులో ఈ మూలకి ఎవరొస్తారులే అని ధీమాగా ఉన్నాడు.

పేజీ అడుగున, ఎన్నిసార్లు తెరిచారో చూపించే చిన్న డబ్బా ఒకటి ఉంది. రోజుకు ఒక్క అంకె పెరిగేది. అది ఆయనదే. నిన్న ఏడువందల పన్నెండు ఉంది. ఈరోజు ఏడువందల యాభై ఐదు.

"మైథిలీ, ఈ లెక్క పాడైందేమో చూడమ్మా."

మైథిలి చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. "పాడవలేదు మావయ్యా. మీరు తెరిచింది పోను, నిన్నటి నుంచి ఎవరో నలభై రెండుసార్లు తెరిచారు."

"ఎవరు?"

"అది చెప్పదండి."

హాల్లో ఫోను మోగింది. విజయసారథి ఎత్తి హలో అన్నాడు. అవతల ఎవరో ఊపిరి తీస్తున్నారు గానీ మాట్లాడలేదు. వెనక ఎక్కడో గుడి గంట మోగింది. ఫోను పెట్టేశారు.

ఆయన తిరిగొచ్చేసరికి చల్లారిన కాఫీ అడక్కుండానే మళ్లీ వేడై ఉంది. గ్లాసు ఎత్తితే చేయి వణికింది. భార్య లలితాంబ పోయినప్పటి నుంచి ఆ వణుకు ఉన్నదే.

రేపల్లె దగ్గర ఆయన పూర్వీకుల వేణుగోపాలస్వామి గుడి ఉంది. పూజ చేసే హక్కు ఐదు కుటుంబాలది. ఏడాదిని పంచుకుని వంతులవారీగా చేస్తారు. ధనుర్మాసం ఈ ఇంటి వంతు. విజయసారథి కొడుకు కృష్ణతేజ తెనాలిలో ఒక స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆ నెలంతా సెలవు పెట్టి, తెల్లవారుజామున స్వామికి పొంగలి ఆరగింపు చేయడమే అతనికి ఏడాది మొత్తానికి పండుగ. ధనుర్మాసానికి ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

ఏడున్నర దాటాక గేటు చప్పుడైంది. విజయసారథి అన్నగారు రంగనాయకులు, రేపల్లె పాసింజరు దిగి నేరుగా వచ్చాడు. చెప్పులు విడిచాడు గానీ కాళ్లు కడుక్కోలేదు.

"రండి పెదమావయ్యగారూ, కాఫీ తెస్తాను," అంది మైథిలి.

"ఈ ఇంట్లో మంచినీళ్లయినా తాగొచ్చో లేదో కనుక్కోవడానికే వచ్చానమ్మా."

చంకలోని సంచీలోంచి రెండు కాగితాలు తీసి, స్కూలుకి బయల్దేరుతున్న కృష్ణతేజ చేతిలో పెట్టాడు. "మన వంతుదారు గోపాలకృష్ణ కొడుకు హైదరాబాదులో ధనుర్మాసం కరపత్రం వేయిస్తానని, గుడి గురించి కంప్యూటర్లో వెతికాడు. గుడి పేరు కొడితే వచ్చింది ఇదొక్కటే. చదువు తేజా, పైకే చదువు."

కృష్ణతేజ చదివాడు. "తొలి పంటలో మొదటి పనను, అంటే మొదట కోసిన కంకుల కట్టను తెచ్చి దేవుడి ముందు పెట్టాలని బైబిల్లో ఈ అధ్యాయం చెబుతోంది. మా వేణుగోపాలస్వామికీ కొత్తబియ్యం వచ్చిన రోజున..." కాగితం మీంచి తలెత్తాడు. "నాన్నా, ఇది మీరేనా?"

"నేనేరా."

"మతం మారావా సారథీ?" అన్నాడు రంగనాయకులు.

"లేదన్నయ్యా. చదువుకుంటున్నాను."

"చదువుకుంటే నోటుబుక్కులో రాసుకోవచ్చుగా!" కృష్ణతేజ అరిచాడు. "ప్రపంచమంతా చూసేచోట పెట్టాలా?"

"నోటుబుక్కయితే నీ కంటపడుతుందని భయపడ్డానురా."

మైథిలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రంగనాయకులు కుర్చీలో కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే అలా మాట్లాడినప్పుడే ఆయనంటే ఇంట్లో అందరికీ భయం. "రాసినవాడి పేరు లేకపోయినా, బాపట్ల కాలేజీ మాట చూసి నువ్వేనని పోల్చి, నిన్న వంతుదార్లందరం కూర్చున్నాం. బైబిలు మీద రాతలు రాసే ఇంటి నుంచి గర్భగుడిలోకి మనిషి ఎలా వస్తాడని అడిగారు. నిన్నే అడిగి వస్తానన్నాను. పొద్దున్న ఫోను చేసీ మాట రాక పెట్టేశాను. ఆ పేజీ మొత్తం తీసేసి, స్వామి ముందు తప్పు ఒప్పుకో. లేదంటే ఈ ధనుర్మాసం నుంచి వంతు మీది కాదు."

"పదిహేనేళ్లు నాన్నా," అన్నాడు కృష్ణతేజ. "జ్వరంతో ఉన్నా ఒక్క పొద్దు మానలేదు. తీసెయ్యండి. ఒక్క బటనేగా?"

విజయసారథి కొడుకు మొహంలోకి చూడలేకపోయాడు. "నీ వంతు నా వల్ల పోతే నేను బతికున్నన్నాళ్లూ బాధపడతాను. కానీ అది తీయలేనురా."

"అయితే నేనే తీస్తాను."

కృష్ణతేజ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పేజీ తెరిచే ఉంది. నాలుగు నొక్కులకి ఒక ప్రశ్న వచ్చి నిలబడింది: మొత్తం తీసివేయాలా? విజయసారథి లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

మైథిలి వచ్చి భర్త మణికట్టు పట్టుకుంది. "ఆగండి. తీసేముందు మొదటి రోజు రాసింది వినండి. తర్వాత మీ ఇష్టం." ఆ ప్రశ్నను పక్కకి తప్పించి, అన్నిటికంటే పాతది తెరిచి చదవసాగింది.

"లలితాంబ పోయి నేటికి నెల. బాపట్లలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆయా అచ్చమ్మ డ్యూటీ దిగేముందు రోజూ తన బైబిల్లోంచి ఒక కథ చదివి వినిపించేది. ఆఖరి సాయంత్రం ఒక అత్తాకోడళ్ల కథ మొదలుపెట్టింది. ఇద్దరికీ భర్తలు పోయారు. వద్దన్నా వినకుండా కోడలు అత్త వెంట ఆమె ఊరు చేరింది. అప్పుడే కోతలు మొదలవుతున్నాయి. అంతటితో మొదటి అధ్యాయం అయింది. బస్సు వేళైందని అచ్చమ్మ పుస్తకం స్టూలు మీద ఉంచి వెళ్లింది. లలిత నన్ను అడిగింది, తర్వాత వాళ్లకి తిండి దొరికిందా, కాస్త చదివి చెప్పండి అని. పుస్తకం చెయ్యి చాపితే అందుతుంది. గదిలో మా ఇంటి పెద్ద ఒకరు ఉన్నారు. ఆయన ఎదుట దాన్ని ముట్టుకోవడానికి జంకాను. రేపు అచ్చమ్మ చెబుతుందిలే అన్నాను. సరే అంది. తెల్లారేసరికి లేదు. తను అడిగింది చదివి చెప్పడానికే ఈ పేజీ. ఇంకెవరి కోసమూ కాదు."

కృష్ణతేజ చేయి బల్ల మీంచి ఒళ్లోకి జారింది. అమ్మ ఆఖరి మాట ఏమిటో అతనెప్పుడూ అడగలేదు.

రంగనాయకులు కళ్లజోడు తీశాడు. తుడుచుకోలేదు, ఊరికే పట్టుకున్నాడు. "కిటికీ పక్క కుర్చీలో," అన్నాడు. "ఆ రోజు నేనే కూర్చున్నాను. లలిత అడగడం నేనూ విన్నాను. నువ్వెక్కడ ఆ పుస్తకం తీస్తావోనని నీ చేతికేసే చూస్తూ కూర్చున్నాను సారథీ. నా పేరు రాయలేదేం?"

"నీ తప్పేముందన్నయ్యా? చెయ్యి నాది."

అప్పుడే కరెంటు పోయింది. తెర నల్లబడింది. కృష్ణతేజ ఉలిక్కిపడి లేచాడు. "అయ్యో, పోయిందా? అమ్మ గురించి రాసింది పోయిందా?"

"ఎక్కడికీ పోదండి," అంది మైథిలి. "కరెంటొస్తే ఉంటుంది."

రంగనాయకులు తన రెండు కాగితాలూ మడిచి సంచీలో పెట్టుకున్నాడు. "గుడి పేరు ఒక్కటి తీసెయ్. మిగిలింది నీదీ లలితదీ. తేజా, నువ్వు ధనుర్మాసానికి రా. వాళ్లేమంటారో చెప్పలేను. మొదటి రోజు గడప దగ్గర నీ పక్కన నేను నిలబడతాను." పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చాడు. "కాఫీ ఇస్తానన్నావు కదమ్మా."

మైథిలి తెచ్చింది. ఆయన సగం తాగి ఆగాడు.

"దొరికిందా?"

"ఏంటన్నయ్యా?"

"తిండి. ఆ అత్తాకోడళ్లకి."

విజయసారథి నల్ల అట్ట పుస్తకం తీసి, రెండో అధ్యాయం దగ్గర తెరిచాడు. కోడలు పొలానికి పోయి, కోతవాళ్ల వెనకాల రాలిన కంకులు, పరిగె, ఏరుకోవడం మొదలుపెట్టిందని చదివాడు. ఆ పొలం ఆసామి ఆమెను చూసి, కావాలనే కొన్ని కంకులు కింద పడెయ్యండని తన మనుషులకి చెప్పాడని చదివాడు.

"ఇవాళ వేమూరు దగ్గర రైల్లోంచి చూశాను," అన్నాడు రంగనాయకులు. "మన చేలల్లోనూ ఆడవాళ్లు ఏరుతున్నారు."

విజయసారథి తలూపాడు. చేయి వణుకుతోంది. అక్షరాలు కదిలిపోతున్నాయి. వరస తప్పి, మళ్లీ వెతుక్కున్నాడు. రంగనాయకులు గ్లాసు కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, పుస్తకం రెండో వైపు అట్టని తన చేత్తో పట్టుకున్నాడు.

"ఊఁ," అన్నాడు. "చదువు."