మూడు గంటల సూది

పాము ప్లాట్‌ఫారం టికెట్ కొనుక్కుని రైల్వే స్టేషన్‌కు వస్తుందా?

రాదు. అయినా బయోకెమిస్టు జయన్న చావు మీద పోలీసులు రిపోర్టులో 'పాముకాటు' అని రాసి, సంతకం గీకి, ఫైలు మూసేశారు. 1983 జూన్. పట్టపగలు పదకొండు గంటలు. ఆదోని స్టేషన్లో బొంబాయి మెయిల్ కోసం నిలబడ్డ ఆ బయోకెమిస్టు భుజాన్ని ఎవరో గుంపులో రాసుకుంటూ వెళ్లారు. రైలు వచ్చేలోపు ఆయన గుర్తుపట్టలేనంతగా వాచిపోయి చచ్చిపోయాడు.

చావుకు ముందురోజు ఆయన పోస్టు చేసిన ఉత్తరం హైదరాబాద్‌లో గూఢచారి శాఖ చీఫ్ టేబుల్ మీదికి చేరింది.

"ఏజెంట్ ట్వెల్వ్! ఫాస్ఫోలైపేస్ అన్న మాట విన్నావా?"

"లేదు సార్," అన్నాడు బజారి.

"కత్తెర అనుకో. మన ఒంట్లో ప్రతి కణానికీ కొవ్వుతో కట్టిన గోడ ఉంటుంది. ఈ ఎంజైము ఆ కొవ్వును కత్తిరిస్తుంది. తిన్న కొవ్వు అరగాలన్నా, పాత గోడకు మరమ్మతు చేయాలన్నా ఆ కత్తెర కావాల్సిందే. దెబ్బ తగిలినప్పుడు అది కోసిన ముక్క నుంచే వాపు, మంట, నొప్పి పుట్టించే రసాయనాలు తయారవుతాయి. అదంతా గాయం మానడానికే. హద్దు మీరితే మాత్రం కీళ్లు కాలిపోతాయి. పాము విషంలో ఉన్నదీ ఈ జాతి ఎంజైమే."

"మనకేం పని సార్ దాంతో?"

"ఆ కత్తెరను ఆపే మాత్ర కనిపెట్టినవాడిదే ప్రపంచంలో నొప్పుల మార్కెట్టంతా. వోగెల్ అనే విదేశీ డాక్టరు ముఠా దగ్గర ఆ మాత్ర ఉంది. పరీక్షించడానికి వాచిన మనుషులు కావాలి. అందుకని ఆదోనిలో ఉచిత వైద్యశిబిరం పెట్టి, వేళ్ల నొప్పికి మందని చెప్పి, బాగున్న ముంజేతుల్లో ఆ ఎంజైము ఎక్కిస్తున్నారు. విత్తనం కాయలు ఒలిచే ఆడవాళ్లకు. అరవై మందికి. వోగెల్‌ను పట్టుకోవాలంటే మనకు ఒక్క మాత్ర కావాలి. ఈ గుట్టంతా ఉత్తరంలో రాసిన జయన్న ఒకటి తెస్తుండగానే చంపేశారు."

బజారిది ఎమ్మిగనూరు. విత్తనానికి మిషన్ పనికిరాదు, పప్పు చిట్లుతుంది. అందుకే వానలకు ముందు వేరుశనగ కాయలు ఆడవాళ్లే వేళ్లతో ఒలుస్తారు. సాయంత్రానికి బొటనవేలు పచ్చిపుండై, అన్నం కలుపుకోలేక వాళ్లమ్మ ఏడ్చిన రోజులు అతనికి గుర్తే. అలాంటి చేతుల్ని మందిస్తామని పిలిచి మంట పెడతారా! ఒళ్లు మండిపోయింది అతనికి.

శుక్రవారం మధ్యాహ్నం ఆదోనిలో మూతపడ్డ జిన్నింగు మిల్లులో నడుస్తున్న శిబిరం ముందు విత్తనాల వ్యాపారి గుమాస్తా ఒకడు దిగాడు. తలకు నూనె, ముక్కు మీద కళ్లద్దాలు, బీడీ కట్టలో కెమెరా, చేతి గడియారంలో ట్రాన్స్‌మిటర్.

నల్ల కళ్లద్దాలు, నీలం షిఫాన్ చీర, చేతిలో హ్యాండ్‌బ్యాగు. వహీదా బీ ఎదురొచ్చింది. వోగెల్‌కు కుడిభుజం. చీఫ్‌కూ కుడిభుజమే. ఆమె అసలు ఎవరి మనిషో చీఫ్‌కే అప్పుడప్పుడూ అనుమానం.

"ఎమ్మిగనూరు దుప్పటి రంగు పోతుందా?"

"ఉతికేవాళ్లను బట్టి."

కోడ్ కలిసింది. ఆమె పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది. "మాత్ర దొరకదు. లెక్కపెట్టి ఇచ్చి ఎదురుగా మింగిస్తాడు. మూడు గంటలకు సూది డోసు పదింతలు చేస్తున్నాడు. ఎందుకో చెప్పడు."

మాత్ర ఎంత డోసు దాకా కాపాడుతుందో చూడ్డానికేనని బజారికి అర్థమైంది.

జయన్న భుజంలో దిగిందీ ఆ డోసేనని చీఫ్ మళ్లీ చేయించిన పోస్ట్‌మార్టం కాగితం చెప్పింది. గడియారం రెండూ నలభై.

రేకుల నీడలో ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. అందరూ ఒకే వీధి వాళ్లు. మొదటి నంబరు జొహరాబీ. ఆమె ముంజేయి ఉబ్బి ఎర్రగా ఉంది.

"ఏం పెద్దమ్మా, చెయ్యి అట్ల వాచింది?"

"సూదేసినప్పట్నించీ ఇంతేనప్పా. వారమాయె, కాయలు వొలిసేకి కాలే."

"మాత్ర మింగితే తగ్గలేదా?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "రోజా ఉండాం గదప్పా. రంజాన్ నెల్లో పగులు మాత్ర ఎట్ల మింగేది? సూదికి రోజా పోదని మసీదు హజ్రత్ సెప్పినాడు. మాత్రకు పోతాది. అందుకే యెవరమూ మింగలే."

"ఆయప్ప ముందరే మింగాల గదా?"

"మొగోని ముందర నోరు తెరుస్తామా? కొంగు అడ్డం పెట్టుకుంటాం. ఆ సాటునే ముడేస్తాం." ముడి విప్పింది. ఎనిమిది తెల్లమాత్రలు. "పండగైనంక అన్నీ ఒకేసారి మింగితే సరిపాయె. మందు యాడికి పోతాది?"

బజారి గడియారం చూశాడు. ఇన్నాళ్లూ వీళ్లను కాపాడింది మాత్ర కాదు, డోసు చిన్నది కావడం. ఇప్పుడు పదింతలు పడితే అరవై మందీ జయన్నలే!

అతను పక్కకు తిరిగి ట్రాన్స్‌మిటర్ నొక్కి పోలీసు జీపును పిలిచి, మళ్లీ తిరిగేసరికి జొహరాబీ లేదు. లోపలికి పిలిచేశారు.

తలుపు తన్ని దూకాడు. వోగెల్ చేతిలో సిరంజి, సూది మొన ఆమె చర్మానికి ఆనింది. బాడీగార్డు పిస్తోలు బజారి కణతకు తగిలింది. వహీదా హ్యాండ్‌బ్యాగులోంచి తీసిన రివాల్వర్ కూడా అతని వైపే చూస్తోంది.

"వహీదా! వీళ్లెవరూ మాత్ర మింగలేదు!"

"తెలుసు. నోళ్లు చూసే పని నాదే. బయట ఉమ్మేస్తారులెమ్మని చూసీ చూడనట్టు వదిలేశాను. మాత్రే విషమనుకున్నా!"

"విషం సూదిలో ఉంది!"

ఢాం! వహీదా గుండుకు బాడీగార్డు పిస్తోలు ఎగిరిపడింది. బజారి ఒక్క గెంతులో వోగెల్ మణికట్టు విరిచి సిరంజి లాక్కున్నాడు. జొహరాబీ చేతి మీద చిన్న చుక్క రక్తం, అంతే.

జీపు దిగి ఎస్సై లోపలికొచ్చేసరికి వోగెల్ కోటు సర్దుకుంటున్నాడు. "ఇది విటమిన్ ఇంజెక్షన్. నాకు పర్మిషన్ ఉంది," అన్నాడు ఇంగ్లీషులో.

"అలాగా!" ఇంగ్లీషులోనే అంటూ బజారి ఒక మాత్ర చేతిలో పెట్టాడు. "మింగండి డాక్టర్. సూది నేను పొడుస్తా. ఎంజైమూ మీదే, మాత్రా మీదే."

వోగెల్ గోడకు అంటుకుపోయాడు. "వద్దు! ఆ డోసుకు మాత్ర చాలదు! చచ్చిపోతాను!"

"చాలదని తెలిసే పొడుస్తున్నావా? మరి ఈ అరవై మంది?"

ఎస్సై రాసుకుంటున్న ఆ నిమిషంలో బజారి కొట్టిన చెంపదెబ్బ మాత్రం ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు.

జొహరాబీ లేచి వోగెల్ ముందు నిలబడింది. వాచిన చెయ్యి అతని మొహానికి ఎదురుగా పెట్టింది. "మా సేతులేమన్నా నీ జాగీరా? ఈ సేతుల్తోనే గదరా మేం బతికేది!"

అతనికి తెలుగు రాదు. అయినా తల దించుకున్నాడు. బయట ఆడవాళ్లు ఒక్కొక్కరే ముడులు విప్పి, ఎస్సై పరిచిన రుమాలులో మాత్రలు పోశారు.

సాయంత్రం ట్రంక్‌కాల్‌లో చీఫ్ గొంతు ఉత్సాహంగా వినిపించింది. "శభాష్ ట్వెల్వ్! ఒక్క మాత్ర అడిగితే నాలుగొందల ఎనభై పంపావు. ప్రపంచమంతా ఎదురుచూస్తున్న మందు కదా, ఇంతకీ అది పనిచేస్తుందా?"

"తెలీదు సార్. మింగినవాళ్లు ఒక్కరూ లేరు."